పదకొండు రోజుల గోడ

నేను నా జీవితంలో ఒకే ఒక్క గోడ కట్టించాను. అది పదకొండు రోజులు నిలబడింది. ఆ పదకొండు రోజుల్లో మా అమ్మ నా మీద అలిగింది, నా భార్య పెట్టె సర్దుకుంది, కుప్పం నుంచి వచ్చిన మా మామను నేను వీధిలో చెయ్యి పట్టుకొని దొంగ అన్నాను. ఆ రోజుల్లో వాన రాలేదు, గాలి రాలేదు, భూకంపం అంతకంటే రాలేదు. జరిగిందంతా నా తెలివితేటల వల్లే జరిగింది. మీలో ఎవరికైనా చిన్న ఇంటికి నడుమ గోడ పెట్టించాలనే ఆలోచన ఉంటే, మేస్త్రీని పిలవడానికి ముందు ఇది చదవండి. ఆయన వచ్చేసి ఉంటే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చదవండి.

పుంగనూరులో మాది మిద్దె ఇల్లు. ఇల్లంటే ఒకటే గది. వీధి తలుపు తీస్తే ఇల్లు మొత్తం ఒక్క చూపులో కనిపించేది. వెనక పొయ్యి, మధ్యలో కప్పును మోసే రెండు రాతి కూసాలు, కుడివైపు మా మంచాలు, ఎడమవైపు మేత వేసే గాడి, గాడి దగ్గర బుడ్డక్క. బుడ్డక్క అంటే మా ఆవు. పుంగనూరు ఆవును చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్లు ఒక పెద్ద మేకను తలుచుకొని, దానికి ఆవు ముఖమూ జమీందారు చూపూ తగిలిస్తే సరిపోతుంది. ఎత్తు నా నడుము దాకా కూడా రాదు. కానీ మా నాయన పోయిన తర్వాత ఆ ఇంట్లో మొదటి పెద్దరికం అమ్మది, రెండోది బుడ్డక్కది. నాది మూడో స్థానం. పెళ్లయ్యాక నాలుగుకు దిగాను.

మా వైపు సేద్యం చేసే ఇళ్లలో పశువూ మనిషీ ఒకే కప్పు కింద ఉండటం వింత కాదు. పశువు యజమాని కంటి ముందు ఉండాలని మా పెద్దల పట్టుదల. యజమాని కూడా పశువు కంటి ముందు ఉండాలని వాళ్లు నాకు చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాననుకోండి. ఎందుకంటే అప్పటికి నేను మదనపల్లెలో పంతులు ట్రైనింగు పూర్తి చేసి వచ్చాను.

అది రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న కాలం. నాకు ఇరవై రెండేళ్లు. పుంగనూరులోనే బడిలో లెక్కల పంతులు ఉద్యోగం దొరికింది. మదనపల్లెలో మాకు లెక్కలతోపాటు ఆరోగ్యశాస్త్రమని ఒకటి చెప్పారు. గాలి, వెలుతురు, పశువులకూ మనుషులకూ మధ్య ఉండవలసిన దూరం, ఇలాంటివి. ఆ పాఠం విన్న రోజు నుంచి నాకు మా ఇల్లు తలుచుకుంటే సిగ్గేసేది. పశువుల పక్కన ఇరవై రెండేళ్లు పడుకొని కూడా ఎలా బతికి ఉన్నానా అని ఆశ్చర్యం వేసేది.

ఆరోగ్యం ఒక సాకు మాత్రమేనని మీకు ఇప్పటికే అనుమానం వచ్చి ఉంటుంది. నిజమే. అసలు కారణం రత్న.

రత్న మా మేనమామ కూతురు. అమ్మ తమ్ముడు మునెప్ప మామ కుప్పంలో చింతపండు వ్యాపారం చేసేవాడు. పెళ్లయి రత్న కాపురానికి వచ్చి అప్పటికి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో నేను నా భార్యతో ఎవరూ వినకుండా మాట్లాడింది లేదు. నేను గుసగుసగా "రత్నా" అంటే, పొయ్యి దగ్గర నుంచి అమ్మ "ఏంది నాయనా, ఏం గావాల?" అనేది. అమ్మ నిద్రపోయిందనుకుంటే బుడ్డక్క ఉండేది. నెమరు వేస్తూ, రెప్ప వేయకుండా, ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. నేను ఒక్క మాట అనగానే నెమరు ఆపేది. తర్వాతి మాట కోసం కాచుకుని ఉన్నట్టే ఉండేది. ఆవు ముందు సిగ్గేమిటని మీరు నవ్వవచ్చు. మీ ఇంట్లో మీ తల్లి పెంచిన ఆవు మిమ్మల్ని అలా చూస్తే అప్పుడు తెలుస్తుంది.

ఒక ఆదివారం అన్నం తిన్నాక విషయం బయట పెట్టాను.

"అమ్మా, ఇంటికి నడుమ ఒక గోడ పెడదామనుకుంటాండా."

అమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. "యాల?"

"ఆవు ఒకపక్క, మనం ఒకపక్క. ఆరోగ్యానికి మంచిది."

"ఇన్నాళ్లూ లేని జబ్బు ఇప్పుడు యాడనుంచి వచ్చింది? ఎవురు సెప్పినారు నీకు గోడ పెట్టమని?" అని అమ్మ నన్ను వదిలేసి రత్న వైపు చూసింది.

రత్న గబగబా అంది. "నేను సెప్పలేదు అత్తా. నాకు తెలీనే తెలీదు."

"తెలీకుండా మొగోడికి గోడ మీదికి బుద్ధి పోతాదా? ఇయ్యాల ఆవుకు అడ్డం పెడతాడు, రేపు నాకు పెడతాడు. వేరే పొయ్యి పెట్టుకోవాలంటే నేరుగా సెప్పండి."

"అయ్యో అమ్మా, వేరే పొయ్యి మాటే లేదు."

"మొదులు గోడ వస్తాది. పొయ్యి దాని వెనకాల వస్తాది. నేను సూడని ఇండ్లా?"

అమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. మా ఊళ్లో ఇంటి నడుమ గోడ లేచిందంటే ఆ ఇల్లు పంచుకున్నారని లెక్క. ఇంకో కారణానికి గోడ లేచినట్టు ఎవరూ వినలేదు. అమ్మ కోడలిని అనుమానించింది. రత్నేమో నన్ను అనుమానించింది. బావ నన్ను అడ్డం పెట్టుకొని తల్లిని దూరం చేస్తున్నాడేమో, ఊళ్లో మాట నా మీదికి వస్తుందేమో అని ఆమె భయం. నేను ఇద్దరినీ అనుమానించాను. నా చదువంటే వీళ్లకు లెక్క లేదని నా బాధ.

చివరికి అమ్మ ఒకే ఒక మాట అడిగింది. దాన్ని ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"గోడ కడితే బుడ్డక్కకు మనం యాడ కనబడతాం?"

నేను పకపకా నవ్వాను. "కనబడకపోతే ఏమైతాది? మనకు జాబు రాస్తాదా?"

అమ్మ నవ్వలేదు. "సరే. నీ ఇల్లు, నీ గోడ. గోడవతలికి నేను మాత్రం కాలు పెట్టను. ఏమైనా నువ్వే సూసుకో" అని లేచి వెళ్లిపోయింది.

మేస్త్రీ ఖాసిం సాబు మరుసటి రోజు వచ్చాడు. వీధి చివరే ఆయన ఇల్లు. పని మొదలుపెట్టే ముందు నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"సారూ, ఇంటి నడుమ గోడంటే నేను మొదట ఒక మాట అడగాల. పంచాయితీ అయిపోయిందా?"

"ఏ పంచాయితీ?"

"అన్నదమ్ములది. అది కాకముందే గోడ లేపితే రేపు నా మెడకు సుట్టుకుంటాది."

"నాకు అన్నదమ్ములు లేరు గదా సాబూ."

"మరి ఎవురితో పంచుకుంటాండారు?"

"ఆవుతో."

ఖాసిం సాబు నన్ను చూశాడు, బుడ్డక్కను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. "ఆవు ఒప్పుకునిందా?" అని అడిగాడు. అడిగేటప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

వీధి తలుపు పక్క నుంచి వెనక గోడ దాకా, నిలువునా, పచ్చి ఇటుకలతో గోడ లేచింది. గోడకు తలుపు పెట్టమంటారా అని సాబు అడిగాడు. తలుపు పెడితే వాసన వస్తుందన్నాను. కిటికీ? దోమలొస్తాయన్నాను. మరి ఆవు బయటికి ఎలా పోతుందన్నాడు. పక్క సందులోకి ఒక చిన్న వాకిలి కొట్టించి, దానికి తడిక కట్టించాను. అంటే ఇంట్లో ఉన్న మనిషి ఆవు దగ్గరికి పోవాలంటే వీధిలోకి వెళ్లి, ఇల్లు చుట్టి, సందులోంచి దూరి, తడిక తీసుకొని పోవాలన్నమాట. ఆరోగ్యశాస్త్రం ప్రకారం అదే సరైన దూరమని నా నమ్మకం.

గోడ ఇవతల మాకు మిగిలింది రెండు మంచాలు పట్టే చోటు. మూడో మనిషి తిరగాలంటే ఇద్దరు మంచాలెక్కాలి. అయినా నాకు గొప్పగానే ఉంది. నీతో మాట్లాడుకోవడానికే ఈ గోడ అని సాయంత్రం రత్న చెవిలో ఊదాను. ఆ రాత్రి "రత్నా" అని పిలిచాను. "ఏంది బావా?" అంది. పక్క మంచం మీద నుంచి అమ్మ "ఏం గావాల నాయనా?" అంది. గోడ ఆవుకు అడ్డం పెట్టానుగానీ అమ్మ ఎప్పటిలా ఇవతలే ఉందన్న సంగతి అప్పుడు తట్టింది. లెక్కల పంతులును గదా, చిన్న లెక్కలు తప్పుతుంటాయి.

ఇప్పుడు పాల సంగతికి వస్తాను. రత్న కాపురానికి వచ్చిన వారానికే అమ్మ పాలు పితికే పని ఆమె చేతికి ఇచ్చింది. మా వైపు అది చిన్న విషయం కాదు. కొత్త కోడలి చేతికి ఆవు పాలు చేపితే ఆ పిల్ల చెయ్యి మంచిదంటారు. చేపకుండా పొదుగులోనే దాచుకుంటే, ఆవును ఏమీ అనరు. ఆ పిల్లనే అంటారు. రత్న చేతికి బుడ్డక్క మొదటి రోజే చెంబు నిండా ఇచ్చింది. మూడు నెలలుగా పూటకు చెంబు తగ్గలేదు. అమ్మ ఆ మాట వీధంతా చెప్పుకొని మురిసిపోయింది.

గోడ లేచిన మరుసటి రోజు కాఫీ నోట్లో పోసుకుంటే కషాయంలా ఉంది.

"పాలేవి?" అన్నాను.

"అవే" అంది రత్న తల వంచుకొని.

చెంబులోకి తొంగి చూశాను. సగమే ఉంది. ఆ సాయంత్రం కూడా సగం. రెండో రోజూ సగం. లెక్కల పంతులు బుర్ర వెంటనే పని చేయడం మొదలుపెట్టింది. చెంబుకు చెంబు రావలసిన చోట సగం వస్తున్నదంటే మిగతా సగం ఎవరో తీసుకుంటున్నారు. ఆవు మారలేదు, మేత మారలేదు. మారిందల్లా సందులోకి వాకిలి పెట్టడమే. తడిక తీసుకొని ఎవరైనా లోపలికి రావచ్చు.

ఇక చూడండి నా అవస్థ. యుద్ధం కాలం కదా, ఎక్కడ చూసినా గూఢచారుల మాటే. నాకు వీధిలో ప్రతి మనిషీ పాలు తాగిన వాడిలాగే కనిపించాడు. ఎవరి మీసం కొంచెం తెల్లగా ఉన్నా ఆగి చూసేవాణ్ణి. ఖాసిం సాబును అడిగేశాను కూడా.

"సాబూ, ఆ వాకిలి సంగతి నీకు నాకు తప్ప ఎవురికి తెలుసు?"

"వీధిలో పొయ్యేవాళ్లందరికీ తెలుసు సారూ. వాకిలి కనబడతానే ఉండాది గదా."

మాట తప్పించుకున్నాడని నాకు అనుమానం వచ్చింది. అయినా ఆధారం లేక వదిలేశాను. మూడో రోజు అనుమానం బుడ్డక్క దూడ మీదికి పోయింది. అది తల్లి పాలు ఎక్కువ తాగేస్తున్నదని తేల్చి, దాని మూతికి తాడుతో అల్లిన చిక్కం కట్టి, దూరంగా మూలకు కట్టేశాను. "దూడ నోరు నేను సెప్పేదాకా ఇప్పొద్దు. పితికేటప్పుడు కూడా ఇడవద్దు. పితికినాక మేత కోసం ఒక గడియ తీస్తే సాలు" అని రత్నకు ఆజ్ఞాపించాను. రత్న ఏదో చెప్పబోయింది.

"బావా, అది తాగితేనే గదా తల్లి..."

"నాకు తెలుసులే" అన్నాను. నాకు ఏమీ తెలియదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మునెప్ప మామ దిగాడు. కుప్పంలో ఎవరో ఆయనతో మీ అక్క ఇంట్లో గోడ లేచిందట అన్నారు. ఆయన దుకాణం మూసి, బొగ్గుతో నడిచే ఆ కాలపు బస్సెక్కి, ముఖమంతా మసి పూసుకొని వచ్చాడు. గడప దాటగానే గోడను చూశాడు. తట్టి చూశాడు. అమ్మను చూశాడు.

"అక్కా, ఏంది ఇది? పంచుకున్నారా?"

"నీ అల్లుణ్ణే అడుగు. పెద్ద సదువు సదివినాడు" అంది అమ్మ ముఖం తిప్పుకొని.

"ఏమి లేదు మామా, ఆరోగ్యానికి" అన్నాను.

"ఎవురి ఆరోగ్యానికప్పా?" అన్నాడు మామ. కూతురు ఏదైనా తప్పు చేసి నన్ను తల్లి నుంచి విడదీసిందేమోనని ఆయన అనుమానం. అందుకే నాలుగు దినాలు ఉండి చూసిపోతానన్నాడు.

ఉండటం సరే, పడుకోవడం ఎక్కడ? గోడ ఇవతల చోటు లేదు. "ఆవు పక్కన పండుకుంటా. మనిషి కన్నా మేలు" అని ఆయన నా వైపు చూస్తూనే మంచం గోడవతల వేసుకున్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి మామ నడవడిక వింతగా మారింది. తెల్లారగట్లే లేచి ఎక్కడికో పోయేవాడు. భుజం మీద తువ్వాలు చేతి మీదికి కప్పుకొని తిరిగి వచ్చేవాడు. తువ్వాలు కింద ఏదో ఉండేది. సందు మొదట్లో ఆగి అటూ ఇటూ చూసి, తడిక తీసి లోపలికి దూరేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మళ్లీ అంతే. కాఫీ ఇస్తే వద్దనేవాడు.

"యాల మామా, కాఫీ ఒంటికి పడదా?"

"కడుపు నిండుగా ఉండాదప్పా" అనేవాడు.

కడుపు నిండుగా ఎందుకుంది? తెల్లవారి ఏమీ తినని మనిషికి కడుపు ఎలా నిండుతుంది? ఐదు రోజులు గమనించాను. చెంబులో పాలు సగానికి ఒక చుక్క పెరగలేదు, ఒక చుక్క తగ్గలేదు. ఎవరో కొలిచి తీసుకుంటున్నట్టు అంత కచ్చితంగా సగం. చింతపండు తూచే మనిషికి తప్ప అంత కొలత ఎవరికి వస్తుంది? మేనమామ అనే మమకారాన్ని పక్కన పెట్టి, సాక్ష్యాలన్నీ వరసగా పేర్చుకున్నాను. లెక్క నిక్కచ్చిగా కుదిరింది. మామ రాకముందే పాలు తగ్గాయన్న సంగతి మాత్రం ఆ లెక్కలో వేయడం మరిచాను. బడిలో నేను వేసిన ఏ లెక్కా అంత బాగా కుదరలేదు.

పదకొండో రోజు తెల్లారగానే సందు మొదట్లో గోడకు మిగిలిన ఇటుకల గుట్ట వెనక నక్కి కూర్చున్నాను. మామ వచ్చాడు. తువ్వాలు కప్పుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. తడిక మీద చెయ్యి వేశాడు. నేను ఒక్క దూకు దూకి ఆయన చెయ్యి పట్టుకున్నాను. తువ్వాలు జారిపోయింది. కింద చెంబు ఉంది. చెంబులో పాలు ఉన్నాయి. కచ్చితంగా సగం.

"దొరికినావు మామా!" అని అరిచాను. ఆ అరుపుకు వీధి వీధంతా లేచింది. ఖాసిం సాబు పళ్లు తోముతూ పరుగెత్తుకొచ్చాడు. అమ్మ వచ్చింది.

"ఏందిరా ఇది? ఆ సెయ్యి ఇడువు" అంది అమ్మ.

"ఇడవను. పదకొండు దినాలుగా మనింట్లో సగం పాలు పోతాండాయి. పోయిన సగం ఇదో, నీ తమ్ముడి సేతిలో ఉండాది. కడుపు నిండుగా ఉండాదన్నాడే, దేంతో నిండిందో ఇప్పుడు సూడు."

అమ్మ ముఖం తెల్లబోయింది. "నా తోడబుట్టినోణ్ణి పాలదొంగ అంటావా? నా పుట్టింటోళ్లను?" అంది. మామ మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. చెంబు తొణకకుండా పట్టుకొని, నేల చూస్తూ నిలబడ్డాడు. దొంగ కాబట్టే మాట రాలేదని నేను అదీ సాక్ష్యాల్లో చేర్చుకున్నాను.

అంతలో రత్న జనాన్ని తోసుకొని వచ్చింది. అది మూడు నెలల్లో మొదటిసారి ఆమె గొంతు వీధిలో వినిపించడం.

"మా నాయన సెయ్యి ఇడువు బావా."

"రత్నా, నీకు తెలీదు..."

"నాకే తెలుసు. నీకే తెలీదు. ఆయన పాలు ఎత్తకపోతాండ్లేదు. తెస్తాండాడు."

నేను పట్టు వదల్లేదు. "తెచ్చేదేంది?"

"చౌడేపల్లె దోవలో కాఫీ హోటళ్లకు పాలు తెచ్చే ఆయన దగ్గర పోయించుకోని వస్తాండాడు. నీకు తేడా తెలీకుండా రోజూ అదే సగం కొలతకు, దొంగమాదిరి దాసుకోని వస్తాండాడు. నా కోసం. బుడ్డక్క గోడ లేసిన దినం నుంచి సరిగ్గా సేపలేదు. నువ్వు దూడ నోరు కట్టినాక ఒక్క సుక్క ఈలేదు. నాయన వచ్చేదాకా మిగిలిన పాలల్లో నీళ్లు కలిపి నెట్టుకొస్తి. వారం దినాలుగా ఈ ఇంట్లో నువ్వు తాగిన కాఫీ అంతా మా నాయన తెచ్చిన పాలే. సాలవేమోనని ఆయన గుక్కెడు కాఫీ గూడా ముట్టలేదు."

ఖాసిం సాబు నోట్లోంచి పుల్ల తీసేశాడు.

"మరి నాకు యాల సెప్పలేదు?" అన్నాను.

"ఎట్ల సెప్పేది? ఇంట్లో దొంగ ఉండాడని నువ్వు ఒకొకరినే ఎగాదిగా సూస్తాంటే, నా సేతికి ఆవు సేపలేదని ఎట్ల సెప్పేది? కోడలి సెయ్యి మంచిది కాదని నేనే నా నెత్తిన రాసుకోవల్నా? నాయన వచ్చిన దినం ఆయన ముందర ఏడ్సినా. దానికి ముందు మూడు దినాలు ఆవు ముందర ఏడ్సినా. నాతో మాట్లాడేదానికే ఈ గోడ కట్టిస్తినని అంటివే బావా. నేను ఏడ్సేది ఆ గోడవతల నీకు యాడ వినపడతాది?"

నవ్విస్తూ మొదలుపెట్టాను కాబట్టి ఇక్కడ కూడా నవ్వించాలని ఉంది. కానీ అప్పుడు నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. ఇంట్లో గోడ లేని రోజుల్లో అయితే ఆమె కన్ను చెమ్మగిల్లినా నాకు కనిపించేది. అమ్మకు కనిపించేది. ఆవుకు సైతం కనిపించేది. మామ చెయ్యి వదిలేశాను. రత్న లోపలికి పోయి పెట్టె తెచ్చి గడప మీద పెట్టింది. అది ముందురోజే సర్దుకున్నదట. అమ్మ ఆ పెట్టెను చూసి, "ఉండమ్మా, నా కోక రెండు దాంట్లో పెట్టుకో. నేను గూడా కుప్పమే వస్తాండా" అంది. అంటే ఇక ఇంట్లో మిగిలేది నేనూ నా గోడా.

అంతా నా ముఖం వైపు చూస్తున్నారు. నేను ఎవరి ముఖం వైపూ చూడలేక మామ కాళ్లు పట్టుకున్నాను. ఆయన చెంబు కింద పెట్టకుండానే ఒక చేత్తో నన్ను లేపి, చెంబు నా నోటి దగ్గర పెట్టాడు.

"తాగప్పా. దొంగపాలు. అలవాటైన రుచే గదా."

జనం గొల్లున నవ్వారు. నేను తాగాను. ఏం చేయమంటారు?

ఆ నవ్వుల మధ్య అమ్మ ఉన్నట్టుండి తల ఎత్తింది. "ఉండు రత్నా. గోడ లేసిన దినం నుంచే అంటివా?" అంది. తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా, గోడవతలికి కాలు పెట్టనన్న ఒట్టు తీసి గట్టున పెట్టి, తడిక నెట్టుకొని లోపలికి పోయింది. మేమంతా వెనక వెళ్లాం. అమ్మ ముందు దూడ మూతి చిక్కం పీకి నా మీదికి విసిరింది. తర్వాత బుడ్డక్కకు ఎదురుగా నేల మీద చతికిలబడి, రోజూ పొయ్యి దగ్గర కూర్చొని గొణిగేటట్టే గొణగడం మొదలుపెట్టింది.

"ఏమే బుడ్డక్కా, నేను కనబడలేదని అలిగినావా? నేనూ అలిగినా లేవే. ఇద్దురం ఒకడి మీదనే అలిగినాం."

బుడ్డక్క చెవులు ముందుకు పెట్టింది. నిదానంగా నెమరు మొదలుపెట్టింది. దూడ పరుగెత్తి పొదుగు కుమ్మింది.

"కూసోమ్మా" అంది అమ్మ.

రత్న చెంబు పెట్టుకొని కూర్చుంది. ఒక్కసారి పొదుగు నిమిరింది. చెంబు అడుగున జుయ్‌మని శబ్దం వచ్చింది. తర్వాత ఆగలేదు. చెంబు నిండి నురగ అంచు దాటి ఆమె చేతి మీద పడింది.

"సూసినావా? నా కోడలి సెయ్యి బంగారం. ఆవు పితికేవాళ్లనే కాదు, ఇంటోళ్లనందరినీ సూస్తాంటేనే సేపుతాది. నీ మామ కూడా ఒక గోడ కట్టిస్తాననె ఒకసారి. కట్టనిచ్చినానా?" అంది అమ్మ వీధికంతా వినపడేటట్టు. ఆమె నీ మామ అన్నది మా నాయనను. ఆ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కానని ఇందాకే మనవి చేశాను.

రత్న లేచి, నిండిన చెంబు తీసుకొని నా ముందు నిలబడింది. ఆమె కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "గోడ?" అంది.

నేను ఖాసిం సాబు వైపు తిరిగాను. "సాబూ, గడ్డపార ఉండాదా?"

"ఉండాది సారూ. కానీ ముందు ఒక మాట. పంచాయితీ అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎవురు గెల్సినారు?"

"ఆవు."

"నేను ఆ దినమే అడిగితి గదా, ఒప్పుకునిందా అని" అంటూ ఆయన గడ్డపార తేవడానికి వెళ్లాడు. గోడ కట్టడానికి మూడు రోజులు పట్టింది, పడగొట్టడానికి పూట కూడా పట్టలేదు. మొదటి దెబ్బ నేనే వేశాను. పెట్టె గడప మీద నుంచి లోపలికి పోయింది. దాన్ని మోసింది కూడా నేనే.

దుమ్ము అణిగాక అందరి ముందు, బుడ్డక్క మూపురం మీద కుడిచెయ్యి వేసి ప్రమాణం చేశాను. నా ప్రాణం ఉన్నంతవరకు ఏ ఇంటి నడుమా గోడ కట్టను, తడిక కట్టను, దుప్పటి సైతం అడ్డం కట్టను, ఒకవేళ కట్టవలసి వస్తే ముందుగా ఇంట్లో నాలుగు కాళ్లవాళ్ల అనుమతి తీసుకొని, ఆ తర్వాతే రెండు కాళ్లవాళ్లను అడుగుతాను, అని.

"ఇంగొగటి మర్సిపోతివి" అన్నాడు మామ.

"ఏంది మామా?"

"తువ్వాలు కప్పుకోని వచ్చే ప్రతివాడూ దొంగ కాదని గూడా సెప్పు."

అదీ చెప్పాను. బుడ్డక్క తోకతో నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆమోదించిందని అమ్మ అంది. ఈగను తోలిందని రత్న అంది.

ఆ ప్రమాణం ఇప్పటికీ తప్పలేదు. ఆ ఇంట్లోనే, ఆ ఒక్క గదిలోనే, పొయ్యి దగ్గర అమ్మ, గాడి దగ్గర బుడ్డక్క చూస్తుండగానే నేనూ రత్నా కాపురం చేశాం. అడ్డుగోడ లేకుండా ఆలుమగలు ఒక మాట మాట్లాడుకునేదెలా అని మీలో ఎవరికైనా ఇంకా అనుమానం ఉంటే, మాకు ఐదుగురు పిల్లలని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.